బారులో సహవాస కూటమి తగునా?



మన విచారణలలో ఎన్నో కుటుంబాల పిల్లలు నేడు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వారు ఫోనులో చెప్పే సంగతులు కొన్ని ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర పట్టనివ్వవు. ఒక తల్లి నన్ను ఇలా అడిగింది: “ఫాదరుగారూ, మా అబ్బాయి అక్కడ గుడివాళ్ళతో కలిసి బారుకు వెళుతున్నాడట. అక్కడికి ఒక ఫాదరుగారే వచ్చి దేవుణ్ణి గురించి మాట్లాడతారట. వీడు నాతో అబద్ధం చెబుతున్నాడా, లేకపోతే ఆ దేశంలో గుడే చెడిపోయిందా?”

ఇటువంటి సందేహం మీలో చాలామందికి కలిగే ఉంటుంది. కొందరికి కోపం వస్తుంది, కొందరికి నవ్వు వస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మన యువకులు కొందరికి మాత్రం, మన దగ్గర కూడా ఇలా పెడితే బాగుండును గదా అనిపిస్తుంది. ఈ ఒక్క సందేహంలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మద్యం స్వతహాగా చెడ్డదా? అది అమ్మే చోట దేవుని మాట పలకవచ్చునా? అక్కడ జరిగే కూటమి నిజంగా క్రైస్తవ సహవాసం అవుతుందా? వీటిని విడదీసి ఆలోచించడం మంచిది.

ముందుగా అసలు సంగతి తెలుసుకుందాం. 1981లో అమెరికాలోని చికాగో అగ్రపీఠంలో జాన్ కుసిక్, జాక్ వాల్ అనే ఇద్దరు గురువులు యువజనుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. దాని పేరు ‘థియాలజీ ఆన్ ట్యాప్’. థియాలజీ అంటే దైవశాస్త్రం. ట్యాప్ అంటే ఇక్కడ మన వీధి కుళాయి కాదు, పీపాలో నుండి బీరు పట్టే కుళాయి. కాలేజీ చదువు ముగించి, ఊరు మారి, ఉద్యోగాలలో పడిన 20, 30 ఏండ్ల ప్రాయంవారు గుడికి దూరమవుతున్నారని గమనించి, వారిని కలుసుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఒక గురువో, మఠకన్యో, చదువుకున్న గృహస్థుడో విశ్వాసాన్ని గురించి కొంతసేపు మాట్లాడతారు. తరువాత ప్రశ్నలు, చర్చ, పరిచయాలు. చికాగోలో ఇవి విచారణల ఆవరణలలో కూడా జరిగాయి. ఇతర మేత్రాసనాలు దీనిని అందుకొని బారులలో, పబ్బులలో జరపసాగాయి. ఆస్ట్రేలియాకు కూడా ఇది పాకింది. ప్రొటెస్టంటు సంఘాలు కొన్ని బీరు కాచే బ్రూవరీలలోనే ప్రార్థన కూటములు, కీర్తనల సాయంకాలాలు జరుపుకుంటున్నాయి.

ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ కతోలిక కూటములు ప్రసంగం కోసం, సంభాషణ కోసం పెట్టినవి. ఆదివారపు దివ్యబలిపూజకు ఇవి బదులు కావు. కాబట్టి ఆ తల్లి కుమారుడు అబద్ధం చెప్పలేదు. అక్కడి గుడి చెడిపోయిందని కూడా ఇంతమాత్రం చేత అనలేము.

ఇక మొదటి ప్రశ్న. మద్యం స్వతహాగా చెడ్డదని మనలో చాలామంది నమ్ముతారు. కాని శ్రీసభ ఏనాడూ అలా బోధించలేదు. పునీత అగస్టీనువారి కాలంలో మనికేయులనే శాఖవారు ద్రాక్షారసం చీకటి శక్తులకు చెందినదని వాదించేవారు. ఒకప్పుడు తానే ఆ శాఖలో తిరిగిన అగస్టీనువారు దేవుడు చేసినదంతా మంచిదేనని వారికి జవాబు చెప్పారు. కానా పల్లె పెండ్లిలో మన ప్రభువు చేసిన మొదటి అద్భుతం ఏమిటో మీకు తెలుసు. ప్రతి దినం పీఠంపైన మనం అర్పించేది రొట్టె, ద్రాక్షారసమే. 6వ శతాబ్దంలో పునీత బెనడిక్టువారు తమ మఠవాసుల నియమావళి 40వ అధ్యాయంలో, ఒక్కొక్కరికి రోజుకు ఒక హెమినా, అంటే సుమారు పావు లీటరు, ద్రాక్షారసం చాలునన్నారు. అసలు తాగకుండా ఉండగలిగేవారికి దేవుని దగ్గర ప్రత్యేక బహుమానం ఉంటుందని కూడా అక్కడే చేర్చారు. బెల్జియం దేశంలోని వెస్ట్‌మాలె మఠంలో ట్రాపిస్టు సన్యాసులు 1836 నుండి బీరు కాస్తున్నారు. అటువంటి మఠాలలో వచ్చే లాభం మఠం పోషణకు, ధర్మకార్యాలకు వినియోగమవుతుంది.

అయితే అదే శ్రీసభ ఒడిలో మరొక సంప్రదాయం కూడా పెరిగింది. ఐర్లండు దేశంలోని కార్క్ పట్టణంలో థియోబాల్డ్ మాథ్యూ అనే కపుచిన్ గురువు 1838లో మద్యం పూర్తిగా మానతానని సంతకం చేసి, లక్షల మంది చేత ఆ ప్రమాణం చేయించారు. 1898లో డబ్లిన్ నగరంలో జేమ్స్ కల్లెన్ అనే యేసుసభ గురువు, యేసు తిరుహృదయం పేరిట మద్యం మానివేసేవారి సంఘం స్థాపించారు. బీరు కాచిన సన్యాసి, బీరు మానమన్న సన్యాసి ఇద్దరూ ఒకే పీఠం దగ్గర మోకరించారు. సువిశేషంలో స్నాపక యోహానుగారు మద్యం ముట్టలేదు. మన ప్రభువు అందరితోపాటు విందులలో కూర్చున్నారు. లోకం ఆయనకు దయ్యం పట్టిందన్నది, ఈయనను తిండిపోతు, తాగుబోతు అన్నది. ఇద్దరినీ పంపినది ఒకే తండ్రి.

రెండవ ప్రశ్నకు వస్తే, సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేవారందరూ తెరిచే పుస్తకం ఒకటి ఉంది. అది పునీత తోమాసు అక్వీనాసువారి ‘సుమ్మా థియోలోజియే’. ద్రాక్షారసం తాగడం పూర్తిగా నిషిద్ధమా అని ఆయన అందులో అడిగి, కాదని చెబుతారు. ఏ ఆహారమైనా, ఏ పానీయమైనా తనంతట తాను మనిషిని అపవిత్రం చేయదు. కాని మూడు విధాలుగా అది తప్పు కావచ్చునంటారు. మొదటిది, తాగేవాని స్థితిని బట్టి: కొద్దిపాటికే చెడిపోయే స్వభావం గలవాడు, లేదా తాగనని ప్రమాణం చేసినవాడు తాగితే తప్పు. రెండవది, తాగే తీరును బట్టి: మితం మీరితే తప్పు. మూడవది, పక్కవారిని బట్టి: మనం తాగడం చూసి మరొకరు పడిపోతే, అంటే అది దుర్మాతృక అయితే, తప్పు.

ఈ మూడింటిలో మొదటి రెండూ మనకు తెలిసినవే. మూడవదాన్ని మనం తరచుగా మరచిపోతాము. నా ఒంటికి పడుతుంది, నేను మితంగా తాగుతాను, ఇంకెవరికేమి అని అనుకుంటాము. తోమాసువారు ఆ ‘ఇంకెవరిని’ కూడా లెక్కలోకి తీసుకోమంటున్నారు. ఈ మాట ఆయన సొంతంగా కల్పించింది కాదు. విగ్రహాలకు పెట్టిన మాంసం తినవచ్చునా అని కొరింతు క్రైస్తవులు అడిగినప్పుడు పునీత పౌలుగారు ఇచ్చిన జవాబు ఇదే. మాంసంలో దోషం లేదు, కాని నీ పక్కన ఉన్న బలహీనుడైన సోదరుడు దానివల్ల నశించిపోతే నీవు క్రీస్తుకే అపరాధం చేసినవాడవు అని ఆయన వారికి బోధించారు. రోమీయులకు వ్రాసిన లేఖలో మాంసంతోపాటు ద్రాక్షారసాన్ని కూడా చేర్చారు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఒక పని ఒక చోట మంచిది, మరొక చోట చెడ్డది ఎలా అవుతుంది? సత్యం ఊరూరికీ మారుతుందా? మారదు. రైతును అడగండి. తూము ఎత్తి నీరు వదలడం ఎండాకాలంలో పైరును బ్రతికిస్తుంది. వరద రోజుల్లో అదే పని కింది పొలాలను ముంచుతుంది. పైరు బ్రతకాలన్న ధర్మం రెండు కాలాల్లోనూ ఒకటే. అందుకే ఒక పని మంచిచెడులను నిర్ణయించేటప్పుడు చేసే పని, చేసేవాని ఉద్దేశం, దాని చుట్టూ ఉన్న పరిస్థితులు, ఈ మూడింటినీ చూడాలని మన నీతిశాస్త్రం చెబుతుంది.

ఈ వెలుగులో చికాగోను, మన ఊరినీ చూద్దాం. అక్కడి చాలా పట్టణాలలో పబ్బు అంటే భోజనం కూడా దొరికే చోటు. ఆడవారు, మగవారు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. నిమ్మరసం తెప్పించుకున్నవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. 1984లో వచ్చిన చట్టం ఒత్తిడితో ఆ దేశమంతటా మద్యం కొనేందుకు 21 ఏండ్ల వయసు ఉండాలన్న నియమం వచ్చింది. పని ముగిశాక నలుగురూ కలుసుకునే రచ్చబండ వంటిది వారికి ఆ స్థలం. గుడి మెట్లు ఎక్కడానికి సంకోచించేవారిని అక్కడికి వెళ్ళి పలకరించడం, ప్రభువు సుంకరి లేవి ఇంటికి వెళ్ళిన దారిలో నడవడమే.

అయినా అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. తాగుడుకు బానిసలైనవారు ఒకరికొకరు తోడై దాన్ని మానుకొనే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘం పుట్టింది కూడా అమెరికాలోనే, 1935లో, ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో. ఆ పట్టణంలోని పునీత తోమాసు ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే మఠకన్య 1939 నుండి అటువంటి రోగులను చేర్చుకొని సేవ చేశారు. నేటికీ ఆ దేశంలో ఎన్నో గుళ్ళ కింది గదులలో ఈ సంఘంవారి కూటములు జరుగుతున్నాయి. ఆ గదిలో కూర్చొని, మానేసి మూడు నెలలైందని వణుకుతూ చెప్పే యువకుణ్ణి ఒకసారి తలచుకోండి. యువజనుల కూటమి బారులోనే జరిగితే అతడు ఎక్కడికి వెళ్ళాలి? అతడు అదే విచారణవాడు, అదే వయసువాడు, దేవుని మాట అందరికంటే ఎక్కువ అవసరమైనవాడు. చికాగోవారైనా, సిడ్నీవారైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే. నెలకొక కూటమినైనా మద్యం లేని చోట జరిపితే అతనికి చోటు దొరుకుతుంది.

ఇక మన నేల సంగతి. ఇక్కడ సారా అనే మాట వినగానే మన తల్లులకు గుర్తుకు వచ్చేది స్నేహితుల బల్ల కాదు. కూలి డబ్బు ఇంటికి చేరని శనివారం సాయంకాలం గుర్తుకు వస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టం వచ్చింది, పోయింది, కాని ఆ స్త్రీలు ఎందుకు రోడ్డెక్కారో ఆ కారణం ఇంకా మన ఇండ్లలోనే ఉంది. వైన్ షాపు ముందు ప్లాస్టిక్ గ్లాసుతో నిలబడిన వారిలో గృహిణి ఎక్కడైనా కనిపిస్తుందా? అక్కడ మనం సహవాస కూటమి పెడితే విచారణలో సగం మందికి, అందులోనూ గాయపడిన సగానికి, తలుపు మూసినట్లే.

హైదరాబాదులోని మైక్రో బ్రూవరీలు అలా ఉండవు, అక్కడ అబ్బాయిలూ అమ్మాయిలూ కుటుంబాలతో సహా వస్తారు అని మన సాఫ్ట్‌వేర్ యువకులు అనవచ్చు. నిజమే కావచ్చు. అక్కడ కూర్చున్న ప్రతివాడూ పాపి అని నేను అనను. కాని అదే విచారణలో ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అమ్మాయి, హాస్టలులో ఉండి పోటీ పరీక్షలకు చదివే కుర్రవాడు ఆ బిల్లులో తమ వంతు కట్టగలరా? కట్టలేనని నోరు తెరిచి చెప్పగలరా? చెప్పలేక, “పని ఉంది” అని తప్పించుకుంటారు. కొరింతులో జరిగింది ఇటువంటిదే. ప్రభువు భోజనానికని కూడుకొని, ఉన్నవారు ముందుగానే తిని తాగి మత్తులో ఉండేవారు, లేనివారు ఆకలితో మిగిలిపోయేవారు. పౌలుగారు వారిని గట్టిగా మందలించారు. లేనివారు సిగ్గుపడేలా చేసే కూటమి ప్రభువు పేరిట జరిగినా అది ప్రభువు భోజనం కాదని వారికి తెలియజెప్పారు.

మూడవ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. క్రైస్తవ సహవాసాన్ని కొలవడానికి బల్లమీద ఏముందో చూసినంత మాత్రాన చాలదు. ఆ బల్ల దగ్గరకు ఎవరు రాలేకపోయారో చూడాలి. లేవి ఇంట్లో ప్రభువు కూర్చున్నది అంతవరకు ఎవరూ పక్కన కూర్చోనివారి కోసం. ఆయన పేరు చెప్పుకొని, కూర్చోగలిగినవారే కూర్చునే చోటును మనం ఎన్నుకుంటే, ఆ ఉదాహరణ మనకు ఉపయోగపడదు. దీనికి ఒక తేలిక పరీక్ష కూడా ఉంది. గ్లాసులు తీసివేస్తే ఆ కూటమికి ఎంతమంది వస్తారు? అందరూ వస్తే గ్లాసుల అవసరమే లేదు. ఎవరూ రాకపోతే వారు కలుసుకుంటున్నది క్రీస్తును కాదు.

ఇంతవరకు చదివి, “మన దేశం నయం, మన గుడి నయం” అని మీరు తృప్తి పడితే ఈ వ్యాసం వ్రాసి ప్రయోజనం లేదు. అమెరికాలో గ్లాసు పక్కన ప్రార్థన చేస్తున్నారని ఆశ్చర్యపోయే మనం, మన ఊళ్ళలో ప్రార్థన ముగిసిన గంటకే ఏమి చేస్తున్నాము? బిడ్డ జ్ఞానస్నానం ఉదయం పది గంటలకు. మధ్యాహ్నం ఇంటి వెనుక సీసాలు తెరుచుకుంటాయి. నూతన దివ్యసత్ప్రసాదం తీసుకున్న పాప తెల్లగౌనుతోనే ఉంటుంది, మేనమామ తూలుతూ వచ్చి దీవిస్తాడు. విచారణ పండుగలో తేరు మోసిన భుజాలే రాత్రికి కొట్లాటకు లేస్తాయి. క్రిస్మస్ అర్ధరాత్రి పూజలో వెనుక వరుసల నుండి ఏ వాసన వస్తుందో వాలంటీర్లను అడగండి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మరొకటి. ప్రతి విచారణలోనూ తాగుడు మానుకొన్న మనిషి ఒకడైనా ఉంటాడు. పాపసంకీర్తనం చేసుకొని, భార్య చేతిలో చేయి వేసి, ఏడాదికి పైగా నిలబడినవాడు. పండుగ విందు అనగానే ఆ ఇంట్లో భయం మొదలవుతుంది. వెళితే బావమరిది గ్లాసు చేతికిస్తాడు. వద్దంటే, “పండుగ పూట ఒక్క గుక్కకేమౌతుందిరా, పెద్ద పునీతుడివయ్యావా?” అని నలుగురూ నవ్వుతారు. అందుకని ఆ ఇల్లాలు ఆయనకు జ్వరం వచ్చిందని చెప్పి పిల్లలను మాత్రం పంపుతుంది. చికాగోలో బారు గడప దాటలేని యువకునికీ, మన వీధిలో పండుగనాడు తలుపు వేసుకొని కూర్చున్న ఈ మనిషికీ తేడా ఏమీ లేదు. ఇద్దరినీ సహవాసానికి వెలుపల ఉంచినవారు తోటి విశ్వాసులే. అక్కడివారు కనీసం దేవుని మాట కోసం కూడారు.

కనుక ప్రియమైన కుటుంబీకులారా, మీ ఇంట జ్ఞానస్నానం, పెండ్లి, గృహప్రవేశం ఏది జరిగినా సీసా లేకుండా జరపండి. చుట్టాలు ఏమనుకుంటారో అన్న భయం వద్దు. తాగే అలవాటున్న చుట్టం ఒక పూట ఓర్చుకోగలడు. మానుకొన్నవాడు పడిపోతే లేవడానికి ఎన్ని ఏండ్లు పడుతుందో చెప్పలేము. పండుగ కమిటీ పెద్దలు తేరు మోసే కుర్రవాళ్ళకు ఈ మాట ముందుగానే చెప్పాలి. మద్యం విషయంలో నిగ్రహం శ్రీసభ సేవకులకు మరింత అవసరమని తోమాసువారు అదే గ్రంథంలో వ్రాశారు. కాబట్టి ఈ మాట మా గురువులకు కూడా వర్తిస్తుంది. ఏ విందులోనైనా మా చేతిలో ఏముందో పిల్లలు చూస్తూనే ఉంటారు.

చికాగోవారి నుండి నేర్చుకోవలసింది కూడా ఉంది. యువజనులు రాలేదని నిందించక, వారున్న చోటికి, వారికి వీలైన వేళకు వెళ్ళడం వారు చేసిన మంచి పని. మన యువజనులు పని ముగించుకొని రాత్రి ఎనిమిదికి గది చేరుకుంటారు. ఆ వేళకు మన గుడి గేటుకు తాళం పడి ఉంటుంది. వారు కలుసుకునేది టీ కొట్టు దగ్గర, ఇరానీ హోటలులో, హాస్టలు మేడమీద. అక్కడ టీ గ్లాసు చుట్టూ దేవుని గురించి మాట్లాడుకోవడానికి ఏ అడ్డూ లేదు. డబ్బు లేనివాడు కూడా ఒక టీ తాగగలడు, మానుకొన్నవాడు భయం లేకుండా కూర్చోగలడు, ఏ తల్లీ కంగారుపడదు. విచారణ యువజన సంఘాలు నెలకు రెండు సాయంకాలాలు ఇలా కూడుకొని చూడండి. ఉపదేశిగారినో, ఒక సిస్టరునో, విచారణ గురువులనో పిలవండి. ప్రశ్నలు అడగనివ్వండి.

ఇక ఆ తల్లికి, ఆమెవంటి తల్లులకు నా సలహా ఇది. “బారుకు ఎందుకు వెళ్ళావు?” అని ఫోను పెట్టేయకండి. ఆదివారం పూజకు వెళుతున్నావా అని అడగండి. పాపసంకీర్తనం ఎప్పుడు చేసుకున్నావని అడగండి. ఆ కూటమి తరువాత కారు ఎవరు నడుపుతారని తప్పక అడగండి. తాగి బండి నడిపి తన ప్రాణాన్ని, పరుల ప్రాణాన్ని అపాయంలో పెట్టేవారు గొప్ప అపరాధం చేసినవారని శ్రీసభ సత్యోపదేశం 2290వ సంఖ్య బోధిస్తున్నది. చివరగా, ఆ బల్ల దగ్గర తాగనివారు ఎవరైనా ఉన్నారా, వారిని మిగిలినవారు ఎలా చూస్తారని అడగండి. మీ అబ్బాయి కాస్త ఆలోచించి జవాబు చెబుతాడు. ఆ జవాబును బట్టి అతడు ఎటువంటి వారి మధ్య ఉన్నాడో మీకే తెలుస్తుంది. తరువాత మీ ఇంట్లో జరగబోయే విందును గురించి మీ అబ్బాయి అదే ప్రశ్న అడిగితే, చెప్పడానికి మీ దగ్గర కూడా మంచి జవాబు ఉండాలి.